అమ్మ ఎప్పుడు పోయినట్టు?

మీ ప్రశ్న మూడుసార్లు చదివానమ్మా. కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మగారికి ఆరేళ్ళు ఆల్జీమర్స్. షోళింగనల్లూరులో మీ దగ్గరే ఉన్నారు. చివరి రెండేళ్ళూ మిమ్మల్ని గుర్తుపట్టలేదు. "ఎవరమ్మా నువ్వు, పొద్దుపోయింది, మీ ఇంట్లో ఎదురుచూడరూ?" అని అడిగేవారట. కానీ ఒడిలో మల్లెపూలు పోసి అరటినార చేతికిస్తే ఒక్క ముడి తప్పకుండా మాల కట్టేవారు. నెలన్నర క్రితం పోయారు. బీసెంట్ నగర్‌లో దహనం, పన్నెండో రోజు మీ అన్నయ్య చేతుల మీద సపిండీకరణం, అంటే పోయినవాళ్ళని పితృదేవతల్లో కలిపే కర్మ. మీకు ఏడుపు రాలేదు, ఏడవాల్సిందంతా రెండేళ్ళ కిందటే ఏడ్చేశానన్నారు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ "వాసాంసి జీర్ణాని" శ్లోకం చెప్పి, పాత బట్ట విడిచి కొత్తది కట్టుకోవడం లాంటిదే చావు అన్నారు. దానికి మీరు రాసిన మాట నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. "మా అమ్మ బట్ట మార్చుకోలేదు. దారం దారంగా విడిపోయింది. అసలు మా అమ్మ ఎప్పుడు పోయినట్టు? రెండేళ్ళ కిందటా, మొన్ననా?"

నేను చెన్నైలోనే ఒక కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు తత్త్వశాస్త్రం చెప్పి 2011లో రిటైరయ్యాను. మా వారు పెరంబూరు ఐ.సి.ఎఫ్.లో రైలుపెట్టెల వెల్డింగు తనిఖీ చేసేవారు. ఆయనా ఇదే జబ్బుతో ఐదేళ్ళు ఉండి పోయారు. చదివిన చదువు ఒక్కటే ఉంటే మీకు జవాబు రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

ముందు ఆ శ్లోకం సంగతి. అది అబద్ధమని నేననను. అయితే ఎవరికి, ఏ వేళప్పుడు చెప్పిందో చూడండి. అప్పటికి యుద్ధం మొదలవలేదు, ఎవరూ పోలేదు. అర్జునుడి బాధంతా పోబోయేవాళ్ళ గురించి. గీత మొత్తం విన్న ఆ అర్జునుడే పదమూడో రోజు సాయంత్రం అభిమన్యుడు లేడని తెలిసి విలవిల్లాడిపోయాడు. కృష్ణుడు పక్కనే ఉన్నాడు. భారతం ఆ ఏడుపుని దాచలేదు, తప్పుపట్టలేదు. అందుకని ఆ శ్లోకం మీకు ఓదార్పు కాకపోతే లోపం మీ భక్తిలో వెతుక్కోకండి.

ఇక మీ ప్రశ్న. దాని అడుగున ఒక ఊహ ఉంది. గుర్తు ఉన్నంతవరకే మనిషి, గుర్తు పోతే మనిషి పోయినట్టే అని. ఈ ఊహని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు ఇంగ్లండులో జాన్ లాక్. తన పెద్ద గ్రంథానికి 1694లో వచ్చిన రెండో కూర్పులో ఇందుకోసం ఒక అధ్యాయమే చేర్చాడు. నా స్పృహ వెనక్కి ఎంతదూరం పోగలదో అంతవరకే నేను, అంటాడు. నూరేళ్ళు కాకముందే, 1785లో, స్కాట్లండు తత్త్వవేత్త థామస్ రీడ్ దీనికి ఒక చిక్కు వేశాడు. తోటలో పళ్ళు దొంగిలించి దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయి సైన్యంలో చేరి శత్రువుల జెండా పట్టుకొచ్చాడు. అప్పుడు అతనికి ఆ దెబ్బలు గుర్తున్నాయి. ముసలితనంలో సేనాపతి అయ్యాడు. జెండా గుర్తుంది, దెబ్బలు మరిచిపోయాడు. లాక్ లెక్కన సేనాపతీ ఆ యువకుడూ ఒకరే, యువకుడూ ఆ పిల్లవాడూ ఒకరే, కానీ సేనాపతీ పిల్లవాడూ ఒకరు కారు. లెక్క ఎక్కడో తప్పింది కదా.

మన ఇంటి ఉదాహరణ చెప్పుకుంటే ఇంకా సూటిగా ఉంటుంది. మీ అమ్మగారు మీకు పాలిచ్చిన రోజులు మీకు గుర్తు లేవు. అంతమాత్రాన ఆ పాలు తాగింది మీరు కాదంటామా? మరి మనకి గుర్తులేని మన మొదటి రెండేళ్ళని మనవే అనుకుంటున్నప్పుడు, ఆవిడకి గుర్తులేని చివరి రెండేళ్ళని ఆవిడవి కావని ఎలా అంటాం?

దేహానికి వేరుగా ఆత్మ లేదన్న మన ప్రాచీన చార్వాకుల మాట కూడా ఇక్కడే అనేస్తాను, ఎందుకంటే మనలాంటివాళ్ళం వాళ్ళని తేలిగ్గా తీసిపారేయకూడదు. పిండీ బెల్లమూ పులిస్తే మత్తు పుట్టినట్టు, మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిస్తే చైతన్యం పుట్టిందన్నారు వాళ్ళు. మెదడు కుదించుకుపోతున్నకొద్దీ మనిషి మాట తరిగిపోవడం కళ్ళారా చూశాక ఆ వాదంలో బలం లేదని ఎలా అనను? అయితే ఒకటి గమనించండి. వాళ్ళ లెక్కలో బతికున్న దేహమే మనిషి. కాబట్టి వాళ్ళు మీకు తడుముకోకుండా ఒకే తేదీ చెబుతారు, నెలన్నర క్రితం అని. గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ కూడా అంతే. మనం ఉన్నప్పుడు చావు లేదు, చావు వచ్చాక మనం లేము, భయమెందుకు అంటాడు. అది చావబోయేవాళ్ళకి చెప్పిన మాట. మిగిలిపోయినవాళ్ళకి అందులో ఏమీ లేదు.

మీ ప్రశ్నకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన కథ ఛాందోగ్య ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ముసలితనం, చావు, శోకం లేని ఆత్మ ఒకటుందని ప్రజాపతి చాటాడు. తెలుసుకుందామని దేవతల వైపు నుంచి ఇంద్రుడు, అసురుల వైపు నుంచి విరోచనుడు వచ్చి ముప్ఫై రెండేళ్ళు శుశ్రూష చేశారు. నీళ్ళలో కనబడే మీ రూపమే ఆత్మ అని ప్రజాపతి మొదట చెబితే విరోచనుడు తృప్తిపడి వెళ్ళిపోయాడు. ఇంద్రుడు సగం దారిలో వెనక్కి తిరిగాడు. దేహం గుడ్డిదైతే ఇదీ గుడ్డిది అవుతుంది, దేహంతో పాటే పోతుంది, ఇందులో నాకు మేలు కనబడటం లేదన్నాడు. మళ్ళీ ముప్ఫై రెండేళ్ళు. కలలో తిరిగేది ఆత్మ అన్నాడు ప్రజాపతి. కలలోనూ ఏడుపు ఉందే అని ఇంద్రుడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ముప్ఫై రెండేళ్ళు. కల కూడా లేని గాఢనిద్రలో ఉండేది ఆత్మ అన్నాడు. ఇంద్రుడు ఈసారి లేవదీసిన సందేహం చూడండి. "ఆ స్థితిలో వాడికి 'ఇది నేను' అని తెలియదు, ఎదుటివాళ్ళెవరో తెలియదు. వాడు నాశనమైపోయినట్టే కదా!"

తానెవరో తెలియదు, ఎదుటివాళ్ళెవరో తెలియదు. ఇది మీ ప్రశ్నే. నాకు ఈ కథలో ఎప్పుడూ నచ్చేది ప్రజాపతి ఆ సందేహాన్ని కసురుకోకపోవడం. "నువ్వన్నది నిజమే" అని ఒప్పుకుని, ఇంకో ఐదేళ్ళు ఉండమన్నాడు. మొత్తం నూటొక్క ఏళ్ళు. ఆఖర్న చెప్పింది చిన్న మాట. కన్ను చూడటానికి పనిముట్టు. "ఇది వాసన చూస్తాను" అని తెలిసేవాడే ఆత్మ, ముక్కు వాసనకి పనిముట్టు. మనసు కూడా వాడి పనిముట్టే.

ఆల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఒక యాభై ఒక్క ఏళ్ళ ఆమెని పరీక్షించాడు. ఆమె పేరు అగస్టా డేటర్. 1906లో ఆమె పోయాక మెదడుని పరిశీలించే అతను ఈ జబ్బుని వర్ణించాడు. ఆమె పదే పదే అన్న మాట అతని కాగితాల్లో ఉంది. "నన్ను నేను పోగొట్టుకున్నాను." ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఇంద్రుడే గుర్తొస్తాడు. పోగొట్టుకున్నది ఎవరు? పోయిందని తెలిసింది ఎవరికి? పేర్లూ తేదీలూ బంధుత్వాలూ రాలిపోతుంటే, అవి రాలిపోతున్నాయని ఎవరికో నొప్పి పుడుతోంది. ఆ ఎవరో ఇంకా అక్కడ ఉన్నారు.

వేదాంతంలో దీనికి ఒక దీపం ఉంది. పద్నాలుగో శతాబ్దపు విద్యారణ్యుడు పంచదశిలో నాటకదీపం అని ఒక ప్రకరణం రాశాడు. నాట్యశాలలో వెలిగే దీపం యజమానికి, సభ్యులకి, నర్తకికి సమానంగా వెలుగిస్తుంది. ఆట ముగిసి అందరూ లేచి వెళ్ళిపోయాక ఖాళీ శాలలో కూడా అలాగే వెలుగుతుంది. యజమాని అహంకారం, నర్తకి బుద్ధి, దీపం సాక్షి. మీ అమ్మగారి శాలలోంచి ఒక్కొక్కరే లేచిపోయారు. ముందు మొన్నటి సంగతులు, తరవాత మనుషుల పేర్లు, చివరికి మీరు. కానీ మల్లెపూలు ముక్కుకి తగిలినప్పుడు ఆవిడ ముఖం మారేదని మీరే రాశారు. ఆ వాసన ఒకరికి తెలుస్తోంది.

ఇంకో దీపం బౌద్ధులది, మిళిందుడనే యవన (గ్రీకు) రాజుకీ నాగసేనుడనే భిక్షువుకీ జరిగిన సంభాషణగా ఉన్న 'మిళిందుడి ప్రశ్నలు' గ్రంథంలోది. పసిపిల్లవాడిగా వెల్లకిలా పడుకున్న మీరూ ఇప్పటి మీరూ ఒకరేనా అని నాగసేనుడు యవనరాజుని అడుగుతాడు. కాదు, వేరే అంటాడు రాజు. "అలాగైతే మీకు తల్లి లేనట్టే. గర్భంలో ముద్దగా ఉన్నవాడి తల్లి ఒకరు, పిల్లవాడి తల్లి ఒకరు, పెద్దవాడి తల్లి ఇంకొకరా?" అని నాగసేనుడు నిలదీస్తాడు. తరవాత దీపం చెబుతాడు. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటేనా? కాదు. అలాగని మొదటి జాముకొక దీపం, చివరి జాముకొక దీపం ఉన్నాయా? లేవు. ఆ మంటే కాదు, వేరే మంటా కాదు. పాలు పెరుగై, పెరుగు వెన్నై, వెన్న నెయ్యి అయినట్టు. నెయ్యిని చూసి "పాలెక్కడ" అని వెతికితే దొరకవు, కానీ పాలు లేకుండా ఆ నెయ్యి రాలేదు.

ఒకటి కదలని దీపం, ఒకటి క్షణక్షణం మారే దీపం. రెండువేల ఏళ్ళుగా ఈ రెండు పక్షాల వాళ్ళూ వాదించుకుంటూనే ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నేను విద్యారణ్యుడి పక్షం. మా వారి మంచం పక్కన ఐదేళ్ళు కూర్చున్నాక నాగసేనుడి వైపు జరిగాను. ఎందుకో చెబుతాను.

ఆయనకి మా అబ్బాయి పేరు పోయింది, నా పేరు పోయింది, తను చేసిన ఉద్యోగం కూడా పోయింది. అయినా ఇంట్లో ఎక్కడ ఇనుము కనబడినా, కిటికీ ఊచ గానీ గ్యాసు సిలిండరు గానీ, వేలి కణుపుతో టకటకా కొట్టి చెవి పెట్టి వినేవారు. ముప్ఫై ఏళ్ళు అతుకు గట్టిదా బోలుదా అని అలా విన్న చెవి అది. మొదట్లో నేను ఆపేదాన్ని, నిన్నటి మనిషిని ఆయనలో వెతుక్కుని, దొరక్క, ఆయన మీదే కోపం తెచ్చుకునేదాన్ని. ఒకరోజు తట్టింది. ఇది నిన్నటి మంట కాదు, కానీ ఆ ప్రమిదలోదే. ఇవాళ్టి మంటకి ఏం కావాలో చూడాలి. ఆ తరవాత నేనే స్టీలు పళ్ళేలు తెచ్చి ఇచ్చేదాన్ని. ఒక్కొక్కటే కొట్టి విని, తల ఊపి పక్కన పెట్టేవారు. మా ఇంట్లో ఆ ఏడాది కాస్త శాంతిగా గడిచింది. వైద్యులు కూడా చెబుతారు, చేతికి పట్టుబడిన పని, పాట, ఇవి పేర్లకన్నా చాలాకాలం నిలుస్తాయని. మీ అమ్మగారి ముడి తప్పకపోవడం అదే. దాన్ని మీరు "యాంత్రికంగా కట్టేది" అని రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుతాను. అరవై ఏళ్ళ చెయ్యి అది. మీ పేరు ఎంత ఆవిడదో ఆ ముడి అంత ఆవిడది.

రెండు దీపాలూ ఒక్క విషయంలో కలుస్తాయి. జ్ఞాపకం మనిషి కాదు. నాట్యశాల ఖాళీ అయినా దీపం ఉంటుందన్నవాడూ, మంట మారుతూనే ఒక్క వెలుగుగా సాగుతుందన్నవాడూ, ఇద్దరూ మీ అమ్మగారు రెండేళ్ళ కిందటే పోయారంటే ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. ఆవిడ పోయింది నెలన్నర క్రితం.

మరి రెండేళ్ళ కిందట మీరు అంతగా ఏడ్చింది దేనికి? ఆ ఏడుపు అబద్ధం కాదు. అప్పుడు ఎవరో పోయారు. ఎవరు పోయారో అర్థం కావడానికి నాకు ఒక మన ఊరి మనిషి సాయపడ్డాడు.

మదనపల్లెలో పుట్టి, చిన్నతనంలోనే అడయారు దివ్యజ్ఞాన సమాజం చేరదీసిన తాత్త్వికుడు జిడ్డు కృష్ణమూర్తికి తమ్ముడు నిత్యానంద అంటే ప్రాణం. తమ్ముడికి క్షయ. తమ ఇద్దరికీ నిర్ణయమైన మహాకార్యం కోసం గురుమండలి, అంటే ఆ సమాజం నమ్మే అదృశ్య మహాత్ములు, అతన్ని తప్పక కాపాడుతుందని కృష్ణమూర్తి నమ్మాడు. 1925 నవంబరులో అడయారు సభలకి ఓడలో వస్తుంటే, సూయజ్ కాలువ దగ్గర తమ్ముడు పోయాడని తంతి వచ్చింది. రోజుల తరబడి ఏడ్చాడు. నాలుగేళ్ళకి, 1929లో, తన కోసం కట్టిన సంఘాన్నే రద్దు చేశాడు. ఆ తరవాత జీవితమంతా మరణం గురించి మాట్లాడినప్పుడు మరణానంతరం ఏముందనే జోలికి ఎక్కువగా పోలేదు. మనం ఒకరితో ఒకరం బతకడం లేదు, ఒకరి గురించి ఒకరం కట్టుకున్న బొమ్మలతో బతుకుతున్నాం, పోయినప్పుడు ఏడ్చేది చాలావరకు ఆ బొమ్మ కోసమే అనేవాడు. గ్రీన్‌వేస్ రోడ్డులోని వసంత విహార్ చెట్ల కింద సాయంత్రాలు ఆయన మాటలు నేను విన్నాను. చిన్న వయసులో ఆ మాట కఠినంగా తోచింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కట్టుకున్న బొమ్మలన్నీ భ్రమలు కావు, అమ్మకి బిడ్డ మీద ఉండే ఎరుక భ్రమ ఎలా అవుతుంది? కానీ ఆయన వేలు పెట్టిన చోటు సరైనదే.

మీరు మూడేళ్ళ పిల్లగా ఎలా ఏడ్చేవారో, ఏ కూరకి మొహం చిట్లించేవారో, ఏ లాలికి నిద్రపోయేవారో మీకు తెలియదు. అది మీ బతుకే, కానీ దాని దస్తావేజులు మీ దగ్గర లేవు, ఆవిడ దగ్గర ఉన్నాయి. మనం "నేను" అనేదాంట్లో పెద్ద భాగం మన ఒంట్లో లేదు. మనల్ని ఎరిగినవాళ్ళలో దాచిపెట్టి ఉంది. ఆవిడ "ఎవరమ్మా నువ్వు" అన్న రోజున ఆ పెట్టె మూతపడిపోయింది. ఆ రోజు పోయింది మీ అమ్మ కాదమ్మా. మీలో ఒక ముక్క పోయింది, ఆవిడకి తెలిసిన ఆ చిన్నపిల్ల. ఆ పిల్ల కోసమే మీరు అంత ఏడ్చారు. మా వారు నన్ను మరిచిపోయినప్పుడు నేనూ అంతే. ఇరవై రెండేళ్ళ వయసులో సెంట్రల్ స్టేషనులో ట్రంకుపెట్టె మీద కూర్చుని బిక్కచూపులు చూసిన కొత్తకోడల్ని ఎరిగినవాళ్ళు ఇక ఈ లోకంలో లేరు.

అందుకని మీరు రెండు చావులు చూశారు, రెండిటికీ ఒకే ఏడుపు లెక్క రాసుకుని, రెండోసారి రాలేదేమని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు. మొన్న ఊపిరి ఆగినప్పుడు "హమ్మయ్య" అనిపించిందని, అది పాపమా అని అడిగారు. ఆరేళ్ళు రాత్రుళ్ళు నిద్రకాచినవాళ్ళకి అలా అనిపించడంలో ప్రేమ తగ్గిందేమీ లేదు. నాకూ అనిపించింది. ఆయన కోసం, ఆయన ఒక్కరి కోసం, నాకు ఏడుపు వచ్చింది ఏడో నెలలో. కొత్త పళ్ళెం కొనడానికి పారిస్ కార్నర్‌లో పాత్రల కొట్టుకి వెళ్ళాను. కొట్టువాడు గట్టిదని చూపించడానికి వేలితో టంగుమని కొట్టాడు. మీకు అలా రావచ్చు, రాకపోనూవచ్చు. దానికోసం కాచుకుని ఉండకండి.

సపిండీకరణం చూసి "అమ్మ పేరిట పెట్టిన పిండాన్ని మూడు ముక్కలు చేసి నాయనమ్మలవాటిలో కలిపేస్తే, ఇంకా మిగిలిన కాస్తా చెరిపేసినట్టనిపించింది" అని రాశారు. మీ కోపం నాకర్థమైంది. కానీ ఆ కర్మ వరుస చూడండి. మొదటి పది రోజులూ రోజుకొక పిండంతో పోయినవాళ్ళకి ఒక్కొక్క అవయవం కూర్చి ప్రేతశరీరం కడతారు. తల ఒకరోజు, మెడా భుజాలూ ఒకరోజు, అలా. కట్టడం పూర్తయ్యాకే పన్నెండో రోజు పితృవర్గంలో కలుపుతారు. ఆ తరవాత నెలనెలా మాసికాలు, ఏడాదికి ఆబ్దికం. ఈ కర్మ పెట్టినవాళ్ళు చావుని ఒక్క గడియలో జరిగిపోయే పనిగా చూడలేదు. దారం దారంగా విడిపోయిన మనిషిని ముందు మళ్ళీ నేసి, అప్పుడు సాగనంపారు. నేను శాస్త్రాన్ని వెనకేసుకొచ్చే మనిషిని కాదు, మా వారి కర్మలప్పుడు సగం మంత్రాలు నాకు కంటగింపుగానే ఉన్నాయి. ఆ పది రోజుల పిండాలు మాత్రం నా మనసుకి పట్టాయి. జబ్బు విప్పేసిన మనిషిని ఎవరో శ్రద్ధగా, తల నుంచి మొదలుపెట్టి, తిరిగి కూర్చారు.

చివరగా మీ పాప అడిగిందన్న మాట. "నేనెవరో తెలియకుండానే అమ్మమ్మ చచ్చిపోయిందా?" మీరు జవాబు చెప్పలేక టీవీ పెట్టేశానన్నారు. ఆరేళ్ళ పిల్లకి విద్యారణ్యుడూ వద్దు, నాగసేనుడూ వద్దు, దేవుడి దగ్గర అమ్మమ్మకి అన్నీ గుర్తొచ్చేశాయని కూడా చెప్పకండి. మీకే నమ్మకం లేని మాట పిల్లలు ఇట్టే పసిగడతారు. అవును, నీ పేరు అమ్మమ్మకి తెలియదు అని ఉన్నదున్నట్టు చెప్పండి. జబ్బు వల్ల తెలియలేదని, నువ్వేం చేసినందుకూ కాదని చెప్పండి. రోజూ సాయంత్రం ఆవిడ మాల కట్టడం అయిపోయాక, ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళని దగ్గరికి రమ్మని సైగ చేసి మూరెడు పూలు తుంచి జడలో తురిమేదని, ఎదురుగా కూర్చునేది ఎప్పుడూ మీ పాపేనని మీరే రాశారు. తనకి అది కూడా చెప్పండి.